గడ్డికి తాళం వెయ్యలేరన్న నరసమ్మ మేడం

అంగడి తలుపులు తీసి సాంబ్రాణి పొగ వేస్తుండగా శైలజ ఫోన్ చేసింది. "సుబ్బయ్యన్నా, అత్త పోయింది" అనింది. పొగగిన్నె చేతిలోనే ఉంది. ఎరువు కోసం వచ్చిన రైతు ఒకాయన "ఏం శెట్టీ, అట్ల నిలబడిపోతివి?" అన్నాడు. "మా మేడం పోయినారప్పా" అన్నాను. "నీకు మేడం ఎవురు? నువ్వు బడికి పోయి ఎన్నేండ్లాయ?" అన్నాడతను.

న్యాయమైన ప్రశ్నే. నేను పదో తరగతి దాటలేదు. ఆమె నాకు ఏ తరగతి గదిలోనూ పాఠం చెప్పలేదు. అయినా గురువు అనే మాట వినపడితే నా కళ్ళ ముందు నిలిచే రూపం ఆమెదే. వార్ధక్యం వచ్చిందని తెలుసు, గుండె బలహీనపడిందని తెలుసు. ఆ వారంలోనే ఫోన్లో మాట్లాడారు. "మైదుకూర్లో వాన పడిందా? పడింటే ఒంటిమిట్ట పక్క గూడా పడింటాది" అన్నారు. ఆ గొంతు చెవిలో ఉండగానే ఈ వార్త వినాల్సి వచ్చింది. తెలిసిన మరణం కూడా చెప్పకుండా వచ్చినట్టే ఉంటుందని ఆ పూట తెలిసింది.

డాక్టర్ లక్ష్మీనరసమ్మ గారు ఆళ్ళగడ్డ దగ్గర ఒక పల్లెలో రైతుకుటుంబంలో పుట్టారు. అహోబిలం స్వామి వాళ్ళ ఇంటిదేవుడు, ఆ పేరే పెట్టుకున్నారు. కర్నూలులో ఆడపిల్లల కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి, పదవీవిరమణ తరువాత కడపలో తమ్ముడి ఇంటి కింది భాగంలో ఉండేవారు. ఆమె ప్రత్యేక విషయం గడ్డి. పువ్వులు కావు, మహావృక్షాలు కావు, గొర్రె మేసే గడ్డి. "పువ్వును ఎవురైనా చూస్తారు. గడ్డిని చూడల్లంటే వంగల్ల" అనేవారు. కడపటి సంవత్సరాల్లో 'మెట్టపంట' అనే తెలుగు పరిశోధన పత్రికకు సంపాదకురాలు. దాన్ని ప్రపంచంలో ఎవరైనా, ఎక్కడినుంచైనా, ఏమీ చెల్లించకుండా చదవవచ్చు. రాసేవాళ్ళూ ఏమీ చెల్లించనక్కర్లేదు. ఆ పత్రికను ఆమె ఎందుకు పెట్టారో చెప్పాలంటే మా తొలి పరిచయం చెప్పాలి.

నా సంగతి కొంచెం చెప్పుకోక తప్పదు. మాది మైదుకూరులో విత్తనాలు, ఎరువులు అమ్మే అంగడి. నాయన కాలం చేస్తే చదువు ఆపి గల్లాపెట్టె ముందు కూర్చున్నాను. తక్కిన చదువంతా మా ఊరి గ్రంథాలయం చెప్పింది. మధ్యాహ్నం బేరాలు పలచబడే వేళకు అక్కడికి పోయేవాణ్ణి. బీరువాలో వరసగా ఏది ఉంటే అది తీసేవాణ్ణి. చరిత్ర అయిపోయాక జంతుశాస్త్రం, అది అయిపోయాక తర్కం. అర్థం కాని పేజీని మూడు మధ్యాహ్నాలు చదివితే నాలుగో మధ్యాహ్నం అది తల ఊపేది. నీకెందుకురా ఈ పుస్తకం అని అక్కడ ఎవరూ అడగలేదు. చదువుకు వాకిలి ఉంటుంది గాని కావలివాడు ఉండడని నేను నమ్మింది అందుకే.

ఆ నమ్మకానికి దెబ్బ తగిలింది కడప గ్రంథాలయంలో. ఆ యేడు మా పక్క పసుపు తోటల్లో దుంపకుళ్ళు పడింది. వచ్చిన రైతుకు మందు డబ్బా చేతికిచ్చి పంపడం తేలికే. నాకు మాత్రం ఆ జబ్బు ఎట్లా వస్తుందో తెలుసుకోవాలనిపించింది. కడపకు సరుకు కోసం పోయినప్పుడు అక్కడి గ్రంథాలయంలో కంప్యూటర్ ముందు కూర్చుని వెతికాను. మా జిల్లా పసుపు మీదే రాసిన వ్యాసం ఒకటి దొరికింది. పేరు కనిపించింది, నాలుగు వాక్యాల సారాంశం కనిపించింది. ఆ కింద, మిగతాది చదవాలంటే కొనమని ఉంది. ధర డాలర్లలో. "వంట వాసన చూపించి తలుపేసినట్టుండాదే!" అని పైకే అనేశాను.

పక్క కంప్యూటర్ దగ్గర నేతచీర కట్టుకున్న పెద్దావిడ ఒకరు కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి నావైపు చూశారు. "నాకూ అదే తలుపేసినారప్పా. పైగా లోపల వంట చేసింది నేనే" అన్నారు.

ఆమె తెర మీద కూడా అదే మాట ఉంది, కొనమని. పైన రచయిత పేరు చూపించారు. అది ఆమె పేరే. ఉద్యోగంలో చేరిన కొత్తలో, అహోబిలం అడవుల నుంచి ఒంటిమిట్ట కొండల దాకా నాలుగు చోట్ల తిరిగి, అక్కడ పెరిగే మేతగడ్డి మీద రాసిన వ్యాసమది. విదేశంలో పెద్ద కంపెనీ నడిపే పత్రికలో అచ్చయింది. అప్పట్లో అది గొప్ప గౌరవం. వాళ్ళు పంపిన కాగితం మీద సంతకం పెట్టారు. వ్యాసం మీది హక్కులన్నీ కంపెనీకి పోయాయని ఆ కాగితంలో ఉంది. ఉద్యోగంలో ఉన్నంత కాలం కాలేజీ చందా కట్టేది కాబట్టి ఆ సంగతి తగల్లేదు. పదవీవిరమణ అయ్యాక తలుపు పడింది. ఇంట్లో ఉన్న విడిప్రతులు, పొలంలో రాసుకున్న కాగితాలు, కాగితాల మధ్య ఆరబెట్టిన గడ్డిపరకలు, అన్నీ తుంగభద్ర కర్నూలు ఊళ్ళోకి వచ్చిన వరదలో పోయాయి.

"మీరు రాసిందానికి మీరే దుడ్లు కట్టల్లనా మేడం?" అన్నాను.

"నేను చదువుకునేదానికైతే ఒకసారి కట్టొచ్చులేప్పా. పంచేదానికి యట్ల కట్టేది? ఆ కొండ కింద గొర్రెలు మేపేటోళ్ళు నాకు గడ్డి చూపించినారు. వాళ్ళ పిల్లోళ్ళు ఇప్పుడు కాలేజీల్లో చదువుతాండారు. ఆ పిల్లోళ్ళు చదవల్ల కదా."

బయటికి వచ్చి టీ తాగాం. ఆమె అప్పుడు చెప్పిన మాటను నేను తరువాత వందమందికి చెప్పి ఉంటాను. "చూడు సుబ్బయ్యా, రాసేది మనం. రాసిందాంట్లో తప్పులు చూసి పంపేది మన మాదిరి వాళ్ళే. ఎవురూ కూలి తీసుకోరు. అమ్మేది మాత్రం కంపెనీ. గొర్రె మనది, మేత మనది, బొచ్చు కత్తిరించేది మనమే. కంబళి మాత్రం వాండ్ల అంగట్లో కొనుక్కోవల్ల."

'మెట్టపంట' పుట్టింది ఈ కోపంలో నుంచే. అయితే కోపం పత్రిక పెట్టిస్తుంది గాని నడిపించదు. నడిపించింది ఆమె ఓపిక. తమ్ముడి కూతురు శైలజ కడపలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో ఆ అమ్మాయి సైటు తయారు చేసింది. వచ్చిన ప్రతి వ్యాసాన్నీ దూరాన ఉన్న ఇద్దరు పండితులకు, రాసినవారి పేరు తీసేసి పంపేవారు. పెద్ద పత్రికలు చేసే పనే. బాగాలేని వ్యాసాన్ని మేడం నిర్మొహమాటంగా తిప్పి పంపేవారు. "ఊరికే ఇస్తాండామని ఉత్తది ఇస్తే, అన్నదానంలో రాళ్ళు వండినట్టు" అనేవారు. ప్రతి వ్యాసం చివర ఒక మాట ఉండేది: దీన్ని ఎవరైనా చదవవచ్చు, నకలు తీసుకోవచ్చు, దీనిపైన ఇంకా పెంచి రాయవచ్చు, రాసినవారి పేరు మాత్రం చెరపకూడదు.

వీటన్నిటి మీద ఆమెకు మాత్రమే తట్టిన పద్ధతి ఇంకొకటి ఉండేది. పండితులు సరే అన్న వ్యాసాన్ని అచ్చుకు ముందు ఆమె వరండాలో పైకి చదవాలి. వినేవాళ్ళలో ఆ విషయం తెలిసిన రైతో, కాపరో ఒకరు ఉండాలి. ఏమీ తెలియనివాళ్ళు ఒకరు తప్పనిసరిగా ఉండాలి. ఆ ఏమీ తెలియని పీఠం పక్కింటి మస్తాన్‌బీ గారిది. కథ వినేటప్పుడు పిల్లలు ఊ కొట్టినట్టు వినేవాళ్ళంతా ఊ కొట్టాలి. ఊ ఆగిన చోట మేడం పెన్సిల్‌తో గీత పెట్టేవారు. ఆ వాక్యం తిరిగి రాయాలి. రాసినవాడు డాక్టరైనా సరే, ఆచార్యుడైనా సరే.

కడపకు వచ్చాక ఆమె దగ్గర పరిశోధన నేర్చుకున్న ఓబులరెడ్డి డిగ్రీ కాలేజీలో లెక్చరర్. పసుపు దుంపకుళ్ళు మీద అతను రాసిన వ్యాసం చదివిన సాయంత్రం నేనూ ఉన్నాను. రెండో పేజీకే మస్తాన్‌బీ గారి ఊ ఆగిపోయింది.

"ఏమైంది మస్తాన్‌బీ?" అన్నారు మేడం.

"ఏంలేదక్కా. ఈ అబ్బాయి చెప్పేది పసుపు గురించా, పోలీసు కేసు గురించా? సదరు దుంప, సదరు తేమ, సదరు క్షేత్రం. ఎవుర్ని పట్టుకుపోతాండారో తెలియకుండా ఉండాది."

ఓబులరెడ్డి మొహం కందగడ్డలా అయింది. "శాస్త్రం అట్లే రాయల్ల పిన్నమ్మా" అన్నాడు.

"నీ మొగం. రోగం పసుపుకొచ్చిందా, నీ నాలుకకొచ్చిందా?" అన్నారామె. వరండా అంతా నవ్వింది. మేడం నవ్వలేదు. గీత పెట్టి, "ఓబులా, నీళ్ళు నిలబడిన మడిలో దుంప కుళ్ళుతాదని చెప్పేదానికి నీకు ఇన్ని సదరులు యాలప్పా?" అన్నారు. ఆ వ్యాసం తిరిగి రాసుకొచ్చాడు. దాని అచ్చుకాగితాలు ఇప్పటికీ మా అంగట్లో గోడకు ఉన్నాయి. మందు డబ్బా కోసం వచ్చి, అది చదివి, మడికి కాలవ తీసుకుంటామని వట్టి చేతులతో వెళ్ళిన రైతులు ఉన్నారు. నష్టం నాదే. ఆ నష్టానికి నేనెప్పుడూ బాధపడలేదు.

ఓబులరెడ్డి గురించే ఇంకొకటి. ఒక ఉగాది ముందు స్వీటు పొట్లంతో వచ్చాడు. అతని కొత్త వ్యాసం విదేశీ కంపెనీ పత్రికలో వచ్చింది. పదోన్నతికి అలాంటివే లెక్కలోకి వస్తాయి, 'మెట్టపంట'లో వస్తే రావు. మేడం స్వీటు నోట్లో వేసుకుని, "శానా సంతోషం నాయనా. ఏదీ, వ్యాసం ఒక ప్రతి ఇయ్యి, చదువుతా" అన్నారు. అతను గొణిగాడు. "అదీ... వాళ్ళ సైట్లో ఉండాది మేడం." మస్తాన్‌బీ గారు ఊరుకుంటారా? "స్వీటు తెచ్చినోడివి దాన్ని తేలేకపోయినావా? ఏదాన్ని ఊరికే ఇయ్యకూడదో దాన్ని ఊరికే ఇస్తివి, ఏదాన్ని ఇయ్యల్లనో దాన్ని దాచిపెడితివి" అన్నారు.

అతను తలవంచుకుని వెళ్ళాక, ఇక ఆ పిల్లవాణ్ణి మేడం గడప తొక్కనివ్వరని నేననుకున్నాను. ఆమె అన్న మాట వేరు. "వాడు పైకి పోవల్ల కదప్పా. నిచ్చెన వాండ్ల ఇంట్లో ఉండాది, ఏం చేస్తాడు?" అన్నారు. మరునాడు అతనికి ఫోన్ చేసి, కంపెనీకి ఇచ్చేముందు సంతకం కాగితం పూర్తిగా చదవమని, తను రాసిన చిత్తుప్రతిని అందరికీ తెరిచిపెట్టే హక్కు చాలా పత్రికల్లో మిగులుతుందని, దాన్ని వదులుకోవద్దని చెప్పారు. "నేను చదవకుండా పెట్టినా. నువ్వు చదివి పెట్టు" అన్నారు. అతని చిత్తుప్రతి ఇప్పుడు ఎవరైనా చదవవచ్చు. శత్రువును ఓడించడం కన్నా మనవాణ్ణి కాపాడుకోవడం ముఖ్యమనే ధర్మం నాకు తర్కశాస్త్రంలో దొరకలేదు, ఆమె దగ్గర దొరికింది.

ఇంతమంది వ్యాసాలకు తలుపులు తీసిన మనిషి వ్యాసం మాత్రం లోపలే ఉండిపోయింది. దాన్ని 'మెట్టపంట'లో మళ్ళీ వేసుకుంటానని కంపెనీకి ఆమె రాశారు. అనుమతి ఇవ్వలేమని మర్యాదగా జవాబు వచ్చింది. ఆ రోజు నేను కడపలోనే ఉన్నాను. జవాబును కంప్యూటర్‌లో చూసి, ఆమె కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. శైలజే ముందు కోప్పడింది. ఓబులరెడ్డి అక్కడే ఉన్నాడు. "మేడం, మా కాలేజీ చందా మీద ఆ వ్యాసం నాకు తెరుచుకుంటాది. ఒక్క నిమిషంలో తెచ్చిస్తా" అన్నాడు.

"వద్దు నాయనా. దాన్ని నా కండ్లకు చూపించొద్దు."

"అదేంది మేడం? ఇన్నేండ్లు దానికోసమే కదా..."

"చూస్తే ఆ వాక్యాలే మళ్ళీ వస్తాయి. ఆ మాటలు వాండ్లవి, సంతకం పెట్టి ఇచ్చినా. సరే, ఉంచుకోనీ. గడ్డి వాండ్లది కాదు కదా! కొండకు తాళం వెయ్యలేదు కదా! నేను మళ్ళీ పోతా. మళ్ళీ చూస్తా. మళ్ళీ రాస్తా."

డెబ్బై దగ్గరపడిన మనిషి అన్న మాటలివి. మోకాళ్ళు సరిగా వంగవు, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటారు. వద్దని చెప్పే ధైర్యం మాకు లేదు. అప్పటినుంచి ఆమె బతుకంతా ఆ ఒక్క పని మీదే నిలబడింది. తాను ఉన్నప్పుడే ఆ నాలుగు చోట్ల గడ్డి మీద కొత్తగా రాయాలి, అది ఎవరి జేబులో ఏమున్నా లేకున్నా చదివేలా ఉండాలి.

వానలు వెనకబట్టే కాలంలో గడ్డి కంకి వేస్తుంది. కంకి లేనిదే గడ్డిని గుర్తుపట్టలేరట. కాబట్టి ఏడాదిలో ఆ కొద్ది వారాలే పని. అటవీశాఖ అనుమతి తీసుకుని మొదటి యేడు అహోబిలం పోయాం. మా చిన్నకారు నేనే నడిపాను. గుడికి వచ్చిన యాత్రికులు మమ్మల్ని విచిత్రంగా చూశారు. అందరూ కొండమీది స్వామికి చేతులెత్తితే, మా మేడం నేలకు వంగి ఉన్నారు. బోదగడ్డి, కామంచి, చెంగలి, ఒక్కొక్కదాని పేరు చెప్పి, పరక నలిపి నా ముక్కు దగ్గర పెట్టేవారు. పందిముళ్ళ గడ్డిలో నడిస్తే చీర కుచ్చెళ్ళ నిండా ముళ్ళు గుచ్చుకున్నాయి. సాయంత్రం సత్రం అరుగు మీద కూర్చుని వాటిని ఒక్కొక్కటే పీకి పొట్లం కట్టారు. "మేడం, చీర పాడైపోయె" అన్నాను. "పాడు కాలేదు, నమూనాలు మోసుకొచ్చింది" అన్నారు.

ఆ సాయంత్రం ఆమె చెప్పుకున్నన్ని పాత సంగతులు ఇంకెప్పుడూ చెప్పలేదు. పడుచువయసులో అదే దారిన నడవడం, ఎవరో కాపరి భార్య జొన్నరొట్టె మీద మిరపకాయ కారం పెట్టి ఇవ్వడం, కొండవాలంతా చెంగలి ఎర్రగా పండి గాలికి ఊగుతుంటే ఉద్యోగం ఎగ్గొట్టి అక్కడే ఉండిపోవాలనిపించడం. చెబుతుంటే ఆమె ముఖంలో నాకు తెలియని ఒక చిన్నమ్మాయి కనిపించింది.

చిక్కు వచ్చింది కూడా అక్కడే. కడపకు వచ్చి మొదటి భాగం రాశారు. తన వ్యాసమైనా వరండాలో చదవాల్సిందే. శైలజ చదువుతోంది. వాలు, ఎర్రటి చెంగలి, గాలి. మేమంతా తన్మయంగా ఊ కొడుతున్నాం. మస్తాన్‌బీ గారి ఊ ఆగింది.

"ఇది ఎప్పటి ముచ్చటక్కా?" అన్నారు.

"ఎప్పటిదేంది? మొన్నటిదే" అన్నారు మేడం.

"ఏమో. మా అమ్మమ్మ పుట్టింటి సంగతులు చెప్పేటప్పుడు ఇట్లే ఉండేది. అంత తియ్యగా ఉంటే అది ఈనాటిది కాదక్కా."

మేడం కాగితాలు తీసుకుని మళ్ళీ చూశారు. మేం పోయినప్పుడు ఆ వాలులో చెంగలి అక్కడక్కడా నాలుగు దుబ్బులే ఉంది. మిగతాదంతా ఏదో కంప కమ్ముకుంది. ఆమె కళ్ళు ఈనాటి కొండను చూశాయి, చెయ్యి మాత్రం ఆనాటి కొండను రాసింది. ఎవరూ కనిపెట్టి ఉండేవారు కాదు, ఆ పండితులు కూడా. ఆమె ఆ కాగితాలను నిలువునా చించి, "జ్ఞాపకం టీ తాగేటప్పుడు చెప్పుకునేదానికి. అచ్చేసేదానికి కాదు" అన్నారు. మరుసటి యేడు వానలు వెనకబట్టేదాకా ఆగి, ఆ వాలుకు మళ్ళీ పోయాం. ఒక యేడు పోయింది. ఆ వయసులో ఒక యేడు అంటే ఎంతో ఆమెకు తెలియనిది కాదు.

ఆ తరువాత రెండు చోట్లు అయ్యాయి. ప్రతిసారీ కొండ కాస్త ఎత్తు పెరిగినట్టు, ఆమె కాస్త తగ్గినట్టు అనిపించేది. మూడో చోటికి పోయినప్పుడు కారు దిగి కొంచెం దూరం నడిచి రాయి మీద కూర్చుండిపోయారు. నేనూ ఓబులరెడ్డీ పరకలు కోసుకొచ్చి చూపిస్తే, "నాకు కోసిన గడ్డి వద్దు, నిలబడిన గడ్డి చూడల్ల" అని మళ్ళీ లేచారు. ఓబులరెడ్డి చెయ్యి అందించాడు. ఆ చెయ్యి పట్టుకునే ఆ కొండంతా చూశారు.

నాలుగోది ఒంటిమిట్ట. కడప నుంచి బస్సెక్కితే తక్కువ దూరమే. మొదటే పోదామని శైలజ ఎన్నోసార్లు అనింది. "దగ్గరిదే కదే, ఎప్పుడైనా పోవచ్చు. దూరంవి ముందు చూద్దాం" అనేవారు. మనందరం చేసేదే. పక్కవీధి చుట్టాన్ని చూడటానికి ఎప్పుడూ తీరదు. ఈ యేడు వానలు మొదలయ్యేసరికి ఆమెకు మంచం దిగడమే కష్టమైంది. ఆమె వాన గురించి అడిగిన ఫోన్ అప్పటిదే.

ఆఖరిసారి మేమంతా కలిసి కూర్చున్నప్పుడు మూడు భాగాలు పూర్తయి ఉన్నాయి. దిండుకు ఆనుకుని కూర్చున్నారు. ఓబులరెడ్డి మెల్లగా మొదలుపెట్టాడు. "మేడం, ఒంటిమిట్ట గడ్డి మీకు బాగా జ్ఞాపకమే కదా. మీరు చెప్పండి, నేను రాసుకుంటా."

"జ్ఞాపకం ఉండాది నాయనా. అందుకే వద్దంటాండా."

"పోనీ, నేను పోయి చూసి రాస్తా. మీ పేరుతోనే వేద్దాం."

ఆమెకు కోపం రావడం అంత దగ్గర నుంచి నేనెప్పుడూ చూడలేదు. "నువ్వు చూసిందానికి నా పేరు యాల? కష్టం ఒకరిది, సొత్తు ఇంకొకరిది అయితే దానికీ ఆ కంపెనీకీ తేడా ఏముండాది? పోతే నీ పేరుతో పో. ల్యాకపోతే ఖాళీ పెట్టు." కొంచెం ఊపిరి తీసుకుని, "ఖాళీ పెట్టేదానికి సిగ్గుపడొద్దు. చూడనిది చూడలేదని చెప్పడం గూడా శాస్త్రమే" అన్నారు.

శైలజ కళ్ళు తుడుచుకుంటూ, "అన్నీ అయినాకే వేద్దాం అత్తా, నీకు నయమైతాది" అనింది. ఆమె నవ్వారు. "అయినంత వరకు బయటికి పంపు పిల్లా. నేను లోపల పెట్టుకుని కూర్చుంటే, ఇంకో తాళం నేనే వేసినట్టు కాదా?"

మూడు భాగాలూ సైటులోకి ఎక్కినట్టు శైలజ ఆమెకు ఫోన్లో చూపించింది. తన పేరు కింద వ్యాసం పూర్తిగా తెరుచుకుంది, ఎక్కడా ఏమీ అడగలేదు. ఆమె వేలితో పైకి కిందికి జరిపి చూసుకున్నారట. చివర నాలుగో భాగం శీర్షిక దగ్గరికి వచ్చి ఆగారట. ఆ కింద ఒక్క అక్షరం కూడా లేదు. "సరిగ్గా ఉండాది" అని ఫోన్ తిరిగి ఇచ్చారట. మూడు రోజుల తరువాత, తెల్లవారుతుండగా, నిద్రలోనే వెళ్ళిపోయారు.

కడపకు ఆ ఉదయం వచ్చినవాళ్ళలో ఆమె పాఠం చెప్పిన విద్యార్థినులు చాలామంది ఉన్నారు. వాళ్ళలో కొందరు ఇప్పుడు అమ్మమ్మలు. పసుపు రైతులు వచ్చారు. ఆమె ముఖం ఎన్నడూ చూడని ఒక పరిశోధకుడు అనంతపురం నుంచి వచ్చాడు. తన వ్యాసాన్ని రెండుసార్లు తిప్పి పంపిన మనిషికి దండం పెట్టడానికి వచ్చానన్నాడు. మస్తాన్‌బీ గారు వాకిట్లో ఒక మూల కూర్చుని, వచ్చినవాళ్ళు మేడం గురించి చెప్పే ప్రతి మాటకూ ఊ కొడుతూ ఉన్నారు. ఆ ఊ ఎక్కడా ఆగలేదు.

పండితులు అనేకులు ఉంటారు. తన పాండిత్యాన్ని నలుగురి ముందు పరచి, మీకు అర్థం కాకపోతే తప్పు నాదేనని ఒప్పుకునే పండితులు అరుదు. మా ప్రాంతంలో నీళ్ళకు కరువు, వానకు కరువు. చదువుకు కరువు రాకూడదని ఒక స్త్రీ తన వరండాలో ఒక బావి తవ్వింది. దానికి మూత పెట్టలేదు, కావలి పెట్టలేదు. పత్రికను శైలజ, ఓబులరెడ్డి కలిసి నడుపుతామన్నారు, నడుపుతారు కూడా. కానీ ఏ వాక్యం దగ్గర ఆగాలో, ఏ పిల్లవాణ్ణి తిట్టాలో, ఏ పిల్లవాణ్ణి తిట్టకుండా వదలాలో తెలిసిన ఆ చూపు ఇక లేదు. మైదుకూరు గ్రంథాలయంలో నేను చదివిన ఏ పుస్తకంలోనూ అలాంటి మనిషిని తిరిగి తెచ్చుకునే ఉపాయం రాసి లేదు.

కర్మాంతరం జరిగిన మరునాడు పత్రికకు ఒక ఉత్తరం వచ్చిందని శైలజ చదివి వినిపించింది. రాజంపేట పక్క ఒక పల్లె నుంచి ఎమ్మెస్సీ చదువుతున్న అమ్మాయి రాసింది. వాళ్ళ తాత గొర్రెల కాపరి. మేడం వ్యాసం మొత్తం ఆయనకు ఫోన్లో చదివి వినిపించిందట. ఒంటిమిట్ట భాగం ఖాళీగా ఉంది కదా, ఈ వానలు వెనకబట్టాక తాను పోయి చూసి రాయవచ్చునా, మేడం వ్యాసాన్ని పెంచి రాసేందుకు ఎవరి అనుమతి తీసుకోవాలి అని అడిగింది.

శైలజ జవాబు రాసింది, ఎవరినీ అడగాల్సిన పని లేదని. అది నిజమే. అడుగుదామన్నా ఆమె లేరు.